వార్తాహరుడి పలువరస

2023 మే నెల. మా పాప చిట్టికి ఏడాది నిండి కొంతకాలమైంది. ఇపోలో, కింద దుకాణాలూ పైన కాపురాలూ ఉండే పాత వరసలో మా దంతవైద్యశాల. ఒక పక్క ఈ ఊరికి పేరు తెచ్చిన తెల్ల కాఫీ అమ్మే చీనావాళ్ల కొట్టు, ఇంకో పక్క మోటారుసైకిల్ టైర్ల షాపు. వెయిటింగ్ రూము కిటికీలోంచి చూస్తే ఊరి చుట్టూ ఉన్న సున్నపురాయి కొండలు కనిపిస్తాయి. ప్రసూతి సెలవు ముగించి పనిలోకి తిరిగొచ్చాక నా చెయ్యి రోగి నోట్లో ఉంటే చెవి ఫోను మీద ఉండేది. మా ఆయన క్లాంగ్‌లో ఫ్యాక్టరీ ఇంజినీరు, వారం చివర మాత్రమే ఇంటికొస్తాడు. పాప పగలంతా టస్కాలో ఉండేది. పసిపిల్లల్ని చూసుకునే చోటుని ఇక్కడ మలయ్ భాషలో టస్కా అంటారు. అక్కడినుంచి ఫోనొచ్చిందంటే గ్లవ్స్ పీకేసి పరుగెత్తేదాన్ని. చాలాసార్లు వాళ్లు అడిగేది, డయాపర్లు అయిపోయాయి, ఇంకో ప్యాకెట్ పంపుతారా అని.

పళ్ల డాక్టరంటే పళ్లు పీకే మనిషి అనుకుంటారు చాలామంది. నా పనిలో సగం కట్టుడు పళ్లు. పన్ను పీకడం ఒక గంటలో తేలిపోతుంది. పళ్లన్నీ పోయిన నోటికి కొత్త పలువరస అమర్చి, దాంతో ఆ మనిషి తిని, నవ్వి, మాట్లాడి, పళ్లున్న సంగతే మరిచిపోయేలా చెయ్యడానికి వారాలు పడుతుంది. ఆ పని నాకిష్టం. ఇండియాలో చదువుకున్న రోజుల్లో మా ప్రొఫెసరు ఒకావిడ ఈ పనిని ఓపికతో నేర్పింది. ఆవిడ నేర్పని ఒక సంగతి ఆ మే నెలలో నేర్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మా క్లినిక్‌లో నా పక్కన నిలబడి పరికరాలు అందించే మనిషి సరోజక్క. బగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పుట్టింది. మా తాతలూ ఆమె తాతలూ ఒకే వైపు నుంచి, శ్రీకాకుళం దిక్కు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆ నెల మొదట్లో ఒక రోజు తలుపు సందులోంచి తల పెట్టి చెప్పింది.

"డాక్టరమ్మా, తెల్ల తాత ఒకాయన వొచ్చినాడు. పేరడిగితే పాట పాడినట్టు సెప్పినాడు. నాను లెఫ్ట్ అని రాసేసినాను."

లోపలికొచ్చిన మనిషి డెబ్బై దాటినవాడు, పొడగరి, వెన్ను నిటారుగా ఉంది. పేరు లెఫ్తేరిస్. గ్రీకు దేశస్థుడు. మాట్లాడేటప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఆయన వెనక చిన్నగా, చురుగ్గా ఉన్న ఆయన భార్య మిసెస్ లిన్. ఇపోలోనే పుట్టి పెరిగిన చీనా ఆవిడ, రిటైరైన నర్సు.

"డాక్టర్, ఈయన ఫోనులో మాట్లాడటం మానేశాడు" అంది ఆవిడ. "పెళ్లయ్యాక మొదటిసారి నాకు ఇల్లు ప్రశాంతంగా ఉంది. కానీ నాకిది నచ్చట్లేదు లా."

మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు. సంగతేమిటంటే, ఏడాది మొదట్లో ఇంకో ఊళ్లో ఆయన పైపళ్లన్నీ తీసేశారు. తీసిన రోజే ఒక తాత్కాలిక సెట్టు పెట్టారు. దాన్ని మేం ఇమ్మీడియెట్ డెంచర్ అంటాం. బోసినోటితో బయటికి వెళ్లక్కర్లేకుండా అది అక్కరకొస్తుంది. పళ్లు పోయాక చిగురు మెల్లమెల్లగా కుంచించుకుపోతుంది కాబట్టి కొన్ని నెలలకే అది వదులవుతుంది. అందులో ఎవరి తప్పూ లేదు. ఆయనకి ఇప్పుడు అసలు సెట్టు కావాలి.

"మామూలు పళ్లు సరిపోవు నాకు" అన్నాడాయన, చెయ్యి తీయకుండానే. ఆయన రంగస్థల నటుడు, గాయకుడు. జూలైలో గ్రీసులో, కొండవాలున రాతిమెట్లతో కట్టిన పాత ఆరుబయట రంగస్థలంలో, ఆయన పాత నాటక బృందం ఒక రాత్రి ప్రదర్శన పెట్టుకుంది. బృందంలో మిగిలిన ముసలివాళ్లంతా చివరిసారిగా కలిసి ఆడతారు. మైకులుండవు. "వేదిక నుంచి పైమెట్టు దాకా నా నోరొక్కటే వెళ్లాలి డాక్టర్. అక్కడ పళ్లు ఊడి రాళ్లమీద పడితే, ఆ చప్పుడు కూడా పైమెట్టు దాకా వినిపిస్తుంది. అంత గొప్పగా కట్టారు ఆ రోజుల్లో."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"జూన్ నెలాఖరులోగా చెప్పాలి, వస్తానో రానో. నా వేషానికి ఇంకో కుర్రాణ్ణి సిద్ధంగా పెట్టారు."

"కుర్రాడికి అరవై దాటాయి" అంది మిసెస్ లిన్.

అలా మొదలైంది. డెంచర్ పని ఒక్క రోజులో అయ్యేది కాదు. ముందు ఇంప్రెషన్, అంటే నోట్లో ముద్దలాంటి పదార్థం పెట్టి అచ్చు తీయడం. తర్వాత దవడలు ఎంత ఎత్తున కలవాలో కొలవడం. తర్వాత మైనంలో పళ్లు పేర్చి నోట్లో పెట్టి చూడటం, దాన్ని ట్రై-ఇన్ అంటాం. ఒక్కో మెట్టుకి ఒక్కోసారి రావాలి. అచ్చు గట్టిపడేదాకా ఆయన మాట్లాడలేడు. బయటికి తీశామో లేదో కథ మొదలుపెట్టేవాడు. ఆయన వచ్చే రోజు సరోజక్క తర్వాతి పేషెంటుకి ఇచ్చిన టైము చెప్పకుండా వెనక్కి జరిపేదని నాకు తర్వాత తెలిసింది.

వాళ్ల నాన్నది రేవులో మంగలి షాపు. ఓడల మనుషులు గడ్డం గీయించుకుంటూ చెప్పే కబుర్లు వింటూ పెరిగాడు. మీసం కూడా సరిగ్గా రాని వయసులో నాటకం కోరస్‌లో చేరాడు. వాళ్ల పాత విషాద నాటకాల్లో కోరస్ అంటే ఊరిజనం. పదిహేనుమంది ఒకే ఊపిరితో మాట్లాడాలి, ఒకే ఊపిరితో ఆగాలి.

"తర్వాత రాజు వేషం వేశారా?" అడిగాను.

"రాజుని ఎప్పుడూ కాలేదు. నాకిచ్చింది వార్తాహరుడి వేషం. మా నాటకాల్లో చావులు వేదిక మీద చూపించరు. ఒకడు పరుగెత్తుకొచ్చి చెబుతాడు. రాజు పోయాడని రాణికి చెప్పేవాణ్ణి నేను. నలభై ఏళ్లు అదే పని. ఎంతమంది రాజుల్ని చంపానో, ఒక్కడి మీదా చెయ్యి వెయ్యకుండా."

"ఐయ్యో" అంది సరోజక్క నా వెనక నుంచి. "ఎప్పుడూ సావు కబురేనా? పెళ్లి కబురు ఒకటైనా ఇయ్యలేదా ఈ తాతకి?"

అది నేను ఇంగ్లీషులో చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. పెళ్లి కబుర్లన్నీ చలికాలంలో అట! ఎండాకాలం రాతిమెట్ల మీద విషాదం, చలికాలం ఊళ్లో చిన్న థియేటర్లలో పాటలూ వేళాకోళాలూ ఉండే సంగీత నాటికలు. అక్కడ ఆయన పాడేవాడు. ఆయన కుర్రతనంలో సైనికులు ఆ దేశాన్ని ఏలారు. నాటికల కాగితాలు ముందే చూసి, నచ్చని మాటలు కొట్టేసి పంపేవారట. "వాళ్లు మాటలు కోసేవాళ్లు. ఆ మాట ఉండాల్సిన చోట మేం ఊపిరి పీల్చుకుని ఆగేవాళ్లం. జనం ఆ ఖాళీకి చప్పట్లు కొట్టేవాళ్లు. ఊపిరిని ఎలా కోస్తారు?"

ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ గ్రీకుల కోసం ఒకసారి బృందం మెల్‌బోర్న్ వెళ్లింది. అక్కడ ఈయన గొంతు పోయింది. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న లిన్ వారం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదని హుకుం వేసింది.

"ఆ వారమంతా నోరు మూసుకుని ఈవిడని చూస్తూ కూర్చున్నాను" అన్నాడు.

"మాట్లాడి ఉంటే నేను చేసుకునేదాన్ని కాదు లా" అంది మిసెస్ లిన్, పత్రిక తిరగేస్తూ.

ఆ తర్వాత సగం ఏడాది అక్కడా సగం ఏడాది ఇక్కడా తిరిగి, చివరికి ఆవిడ పుట్టిన ఊరికి వచ్చేశారు. ఇపోలో ఆయన ఏం చేస్తుంటాడని అడిగాను. పొద్దున కొండల దగ్గర నడక, కాఫీ, మార్కెట్లో చేపలు. "ఇక్కడ నన్నెవరూ నటుడనుకోరు. గడ్డం తెల్లబడ్డ ఓ తెల్లోణ్ణి అనుకుంటారు. అది హాయిగానే ఉంటుంది. కానీ ఒక్కసారి, చివరిసారి, ఆ కబురు రాణికి చెప్పి రావాలని ఉంది."

ఇక మా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నోటి పైకప్పుని అంగిలి అంటాం కదా. నాలుక కొనతో తడిమి చూసుకోండి. ముందు భాగం గట్టిగా ఉంటుంది, లోపల ఎముక ఉంది. వెనక్కి వెళ్లేకొద్దీ మెత్తబడుతుంది. ఆ మెత్తటి భాగం మనం మాట్లాడినప్పుడు కదులుతుంది. కదలనిదీ కదిలేదీ కలిసేచోట ఒక గీత ఉందనుకోండి. దాని పేరు వైబ్రేటింగ్ లైన్. పై సెట్టు వెనకంచు సరిగ్గా అక్కడికి రావాలి. ఆ అంచుని కాస్త ఉబ్బుగా చేస్తాం, దాన్ని పోస్ట్ డ్యామ్ అంటాం. అది మెత్తటి కండలోకి అణిగి లోపలికి గాలి దూరకుండా మూసేస్తుంది. తడి బల్లమీద గాజుపలక అతుక్కున్నట్టు సెట్టు అంగిలికి అతుక్కుంటుంది. అంచు గీతకి ముందే ఆగిపోతే గాలి దూరి జారుతుంది. మరీ వెనక్కి పోతే మనిషికి వాంతి వస్తుంది.

ఆ గీత కనుక్కోవడానికి ఖరీదైన యంత్రమేమీ లేదు. రోగిని నోరు తెరిచి "ఆ" అనమంటాం. మెత్తటి భాగం కదులుతుంది. కదలిక ఎక్కడ మొదలైందో చూసి, నోటి తడికి చెరగని ఊదారంగు పెన్సిల్‌తో గీత గీస్తాం.

లెఫ్తేరిస్ గారిని కూడా "ఆ" అనమన్నాను.

ట్రేలో పరికరాలు గణగణలాడాయి. వెయిటింగ్ రూములో ఎవరో లేచి నిలబడిన కుర్చీ చప్పుడు వినిపించింది.

"ఓలమ్మో!" అంది సరోజక్క గుండెమీద చెయ్యేసుకుని. "పక్క కొట్టోడు ఆర్డరనుకుని కాఫీ పట్టుకొచ్చేస్తాడు లా!"

"కాస్త మెల్లిగా అంటారా?" అని అడిగాను. ఆయన మెల్లిగా అన్నాడు. నిజంగానే మెల్లిగా, గుండ్రంగా, అందంగా ఉంది. నేను గీత గీశాను. మామూలు వాళ్లకంటే కొంచెం ముందుకి ఉందనిపించింది. ప్రతి నోరూ వేరే కదా అనుకున్నాను.

సెట్టు ల్యాబ్ నుంచి చక్కగా వచ్చింది. నోట్లో పెట్టి ఒకటి నుంచి వంద దాకా ఇంగ్లీషులోనూ గ్రీకులోనూ లెక్కపెట్టించాను. ఎక్కడా ఈల లేదు, పళ్లు టకటకమని తగల్లేదు. ఆయన అద్దంలో చూసుకుని, చాలా రోజుల తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. మిసెస్ లిన్ మరుసటి రోజు మాకు ఒక డబ్బా నిండా బిస్కెట్లు పంపింది.

వారం తిరక్కుండానే ఆయన మళ్లీ వచ్చాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"గొంతెత్తినప్పుడు కొండలా నిలబడుతోంది" అన్నాడు. "పాట పాడినా కదలదు. కానీ కబురు చెప్పేచోట గొంతు దించుతాను. రాణి దగ్గరికి వెళ్లి, తల్లితో మాట్లాడినట్టు మాట్లాడతాను. అక్కడ పడిపోతోంది, ప్రతిసారీ అక్కడే."

నేను అంతా వెతికాను. అంచులు చూశాను, పైపళ్లూ కింది పళ్లూ కలిసే కాటు చూశాను, పెదవిని పట్టి ఉంచే సన్నటి కండ దగ్గర ఒరుసుకుంటోందేమో చూశాను. మళ్లీ "ఆ" అనిపించి గీత గీశాను. పాత గీత మీదే పడింది. నేర్చుకున్న లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి, సెట్టు మాత్రం పడిపోతోంది. అతికించే పేస్టు రాసి చూద్దామంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. పేస్టుతో మాటలు బంకబంకగా అవుతున్నాయట.

"శుక్రవారం ఒకసారి వస్తాను" అన్నాడు. "అప్పటికీ కుదరకపోతే, ఆ కుర్రాణ్ణే వేసుకోమని ఫోన్ చేసేస్తాను. మీరు బాధపడకండి డాక్టర్. పళ్లు బాగున్నాయి. చేపలు తినడానికి చాలా బాగున్నాయి."

ఆ చివరి మాట నన్ను రెండు రోజులు తినేసింది.

సరిగ్గా ఆ వారమే టస్కాలో ఒక పిల్లాడికి చేతుల మీదా కాళ్ల మీదా నోట్లోనూ పొక్కులొచ్చే అంటుజ్వరం వచ్చింది. ఈ దేశంలో పసిపిల్లల తల్లులు దాని పేరు వింటేనే వణుకుతారు. టస్కా మూసేసి కడిగిస్తామన్నారు. మా అత్త, అంటే మా ఆయన తల్లి, చిట్టిని ఇంట్లో ఉంచుకుంది. నేను గంటకోసారి ఫోన్ చేసి అరచేతులు చూశావా, అరికాళ్లు చూశావా అని అడిగేదాన్ని.

"ఒలే అమ్మాయ్, నాను నలుగుర్ని పెంచినాను" అంది మా అత్త చివరికి. "ఇలగ గంటగంటకీ గుంట కాళ్లు ఎత్తి సూస్తే దానికి నడక రాదు."

చిట్టికి ఒళ్లు కాస్త వెచ్చబడింది. నోట్లోంచి చొంగ కారుతోంది. ఏమీ తినడం లేదు. పసిపిల్లకి నోరు నొప్పి అంటే అది పొక్కులకీ గుర్తే, పన్ను రావడానికీ గుర్తే. రోజూ పదిమంది నోళ్లు చూసే నేను నా కూతురి నోరు తెరిపించలేకపోయాను. చూడబోతే నోరు బిగించి ఏడ్చేది.

శుక్రవారం మధ్యాహ్నం లెఫ్తేరిస్ గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. పై దీపం వెలుగుతోంది. నా చేతిలో చిన్న అద్దం ఆయన నోట్లో ఉంది. ఇప్పుడే మళ్లీ గీసిన ఊదా గీత అంగిలి మీద స్పష్టంగా కనిపిస్తోంది. కొత్తగా ఏం చూడాలో తెలీక ఊరికే చూస్తున్నాను. అప్పుడే వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు, వెంటనే నాకు బాగా తెలిసిన ఏడుపు వినిపించాయి.

మా అత్త పాపని ఎత్తుకుని టాక్సీలో వచ్చేసింది. "ఎంత సేసినా ఊరుకోట్లేదే. నువ్వొకసారి నోరు సూడు. నువ్వు డాక్టరువి గదా!" అంటూ నేరుగా గుమ్మం దాకా వచ్చింది. చిట్టి నన్ను చూడగానే రెండు చేతులూ చాచి మరింత గట్టిగా ఏడ్చింది.

నేను కదల్లేను. నా చేతులకి గ్లవ్స్, ఆయన నోట్లో నా అద్దం. "అత్తా, ఒక్క నిమిషం" అన్నాను.

అప్పుడు కుర్చీలో ఉన్న మనిషి కళ్లు తిప్పి పాపని చూశాడు. నోట్లో అద్దం ఉంది కాబట్టి మాటలు పలకలేడు, నోరు మూయలేడు. తెరిచిన నోటితోనే, గొంతులోంచి, పాపని ఊరడించడానికి, "ఆ… ఆ… ఆ…" అన్నాడు.

అది నేను అంతకుముందు విన్న "ఆ" కాదు. అందులో గుండ్రదనం లేదు, అందం లేదు. ఏ ఇంట్లోనైనా ఏ తాతైనా పసిపిల్లని జోకొడుతూ అనే శబ్దం.

నా కళ్లు ఇంకా ఆయన నోట్లోనే ఉన్నాయి. అంగిలి కదిలింది. నేను గీసిన గీత దగ్గర కాదు. ఆ గీతకి బాగా వెనక, చిన్న అలలా మెత్తగా కదిలింది.

చిట్టి ఏడుపు సగంలో ఆగింది. ఆయన మళ్లీ "ఆ… ఆ…" అన్నాడు. మళ్లీ అక్కడే కదిలింది.

"సరోజక్కా, పెన్సిల్!"

"పాప ఏడుస్తంటే ఇప్పుడు పెన్సిలేటి—"

"పెన్సిల్ ఇవ్వు ముందు!"

గీశాను. పాత గీతకీ కొత్త గీతకీ మధ్య ఒక బియ్యపు గింజ పొడుగు ఖాళీ ఉంది. మా పనిలో అది చాలా పెద్ద దూరం.

సంగతి అప్పుడు బోధపడింది. మా పద్ధతి అంతా రోగి మామూలుగా "ఆ" అంటాడనే నమ్మకం మీద నడుస్తుంది. ఈయన చిన్నప్పటి నుంచి వేదిక మీద పెరిగాడు. ఎవరైనా "ఆ అనండి" అంటే ఆయన ఒళ్లే ఒక వేషంలోకి వెళ్లిపోతుంది. మెల్లిగా అనమంటే వేదిక మీద మెల్లిగా అన్నట్టు అంటాడు. మెత్తటి అంగిలి మొత్తం పైకి లేచి నిలబడుతుంది. నేను కొలిచింది నటుడి నోరు. రాణితో గొంతు దించి మాట్లాడేటప్పుడు అంగిలి కిందికి వస్తుంది, అంచు దగ్గర గాలి దూరుతుంది.

ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన వెంటనే మామూలుగా "ఆ" అనడానికి ప్రయత్నించాడు. రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ప్రతిసారీ ఇంకా అందంగా వచ్చింది.

"నాకు మామూలు 'ఆ' అనడం రాదా?" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి.

"ఇన్నేళ్లుగా నేను చెబుతున్నది అదే లా" అంది మిసెస్ లిన్ గుమ్మంలోంచి. "టీ కావాలా అంటే కూడా 'ఆ' అని రాజుకి జవాబిచ్చినట్టు అంటాడు."

సెట్టు పారేయక్కర్లేకపోయింది. ఆ కొత్త గీత దాకా అచ్చు తీసి ల్యాబ్‌కి పంపితే వెనకంచు పొడిగించి, పోస్ట్ డ్యామ్ మళ్లీ కట్టి పంపిస్తారు. ల్యాబ్‌కి నేనే ఫోన్ చేసి బతిమాలాను.

గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అదే దీపం కింద చూశాను. ఈసారి అది నోరు తెరిచింది, ఎందుకంటే ఎదురుగా లెఫ్తేరిస్ గారు నోరు పెద్దగా తెరిచి చూపిస్తున్నారు. పొక్కులు లేవు. బుగ్గ లోపల లేవు, నాలుక మీద లేవు. వెనక చిగురు ఎర్రగా ఉబ్బి, దాని నడుమ తెల్లటి పన్ను మొన కనిపించింది. దవడ పన్ను.

"పన్నే!" అన్నాను.

"సూసినావా? నాను సెప్పలేదూ?" అంది మా అత్త. నిజానికి ఆవిడేమీ చెప్పలేదు. నేను మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని తల ఊపాను.

సెట్టు తిరిగొచ్చిన రోజు లెఫ్తేరిస్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రాణి కావాలన్నారు. సరోజక్కని మందుల బీరువా ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె ఏప్రన్ సర్దుకుని బింకంగా కూర్చుంది. ఆయన తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. గ్రీకులో ఏదో పెద్దగా అన్నాడు, ఆగాడు, నడిచి దగ్గరికి వచ్చాడు. ఒక మోకాలు వంచి, గొంతు దించి, చాలాసేపు చెప్పాడు. మిసెస్ లిన్ పత్రిక మూసేసింది. నేను ఆయన పై పెదవినే చూస్తున్నాను. పళ్లు కదల్లేదు. మాటల మధ్య ఊపిరి పీల్చుకున్నప్పుడూ కదల్లేదు.

అయ్యాక చూస్తే సరోజక్క కళ్లు తుడుచుకుంటోంది.

"ఏటంటన్నాడో ఒక్క ముక్క తెలీదు" అంది. "ఎవులో పోయినారని మాత్రం తెలిసిపోయింది."

ఆయన ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని వంగి నమస్కరించాడు. అక్కడి నుంచే ఫోన్ తీసి గ్రీసుకి చేశాడు. కుర్రాణ్ణి ఈసారికి కోరస్‌లో నిలబడమన్నాడని మిసెస్ లిన్ నాకు చెవిలో చెప్పింది.

జూలైలో ఒక పొద్దున, పాపకి గంజి పెడుతుంటే, మిసెస్ లిన్ పంపిన రికార్డింగ్ వచ్చింది. ఆవిడ కావాలనే పైమెట్టు మీద కూర్చుని తీసింది. బొమ్మలో ఆయన చీమంత కనిపిస్తున్నాడు. గొంతు మాత్రం మా వంటగదిలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. పరుగెత్తుకొచ్చాడు, అరిచాడు, ఆగాడు. రాణి ఏదో అడిగింది. దానికి జవాబుగా ఆయన ముందు ఒక్క "ఆ…" అన్నాడు. నాకు తెలిసిన "ఆ". మా క్లినిక్‌లో పాపకి చెప్పింది. అన్ని వేల రాళ్లు దాటి పైమెట్టు దాకా వచ్చింది. అక్కడ మనుషులంతా ఒక్కసారిగా సద్దు మానేసినట్టు వినిపించింది. చిట్టి గంజి మింగడం ఆపి ఫోను వైపు చూసింది.

రికార్డింగ్ వెనకే ఆయన మాటలు కూడా పంపాడు. "డాక్టర్, ఆ చోట నలభై ఏళ్లు ఏడుపు నటించాను. ఈసారి మీ అమ్మాయిని ఊరుకోబెట్టినట్టు అన్నాను. రాణి వేషం కట్టిన ముసలావిడ తన మాటలు మరిచిపోయింది. తర్వాత వచ్చి, ఇన్నేళ్లకి ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఇపో అనే ఊళ్లో, నాలుగు పళ్లున్న ఒక గురువు దగ్గర అని చెప్పాను."

అప్పటినుంచి నేను ఎవరినీ ఉత్తినే "ఆ అనండి" అని అడగడం లేదు. అడిగితే ప్రతి మనిషీ కొంచెం నటుడే అవుతాడు. డాక్టరు ముందు బాగా అనాలని చూస్తాడు. పెద్ద వయసు ఆంటీలనైతే, మనవలు తినడానికి మారాం చేస్తే నోరు తెరవమని ఏమంటారో అనమంటాను. మన తెలుగు పెద్దవాళ్లైతే ఇంకా తేలిక. నేను అద్దం పట్టుకుని సిద్ధంగా ఉంటాను. సరోజక్క తలుపు వెనక నుంచి ఇంట్లో పిలిచినట్టు "ఓ అప్పయ్యా!" అని పిలుస్తుంది. ఆయన తెరిచిన నోటితోనే "ఆ…" అంటాడు. అదే నాక్కావలసింది. గీత గీసేస్తాను. ఇది నాకు ఏ పాఠమూ చెప్పలేదు. ఒక నటుడూ, ఏడ్చే పిల్లా, టాక్సీ ఎక్కి వచ్చేసిన అత్తా కలిసి చెప్పారు. ఆ ముగ్గురికీ, పెన్సిల్ అందించిన నాలుగో మనిషికీ నేను రుణపడి ఉన్నాను.

భయం నాకు పూర్తిగా పోలేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్లి పాప నుదురు ముట్టుకుని వచ్చాను. కానీ ఇప్పుడు దాని ఏడుపు విన్నప్పుడు ముందు నా గొంతు దించుకుంటాను. దించిన గొంతు కూడా చేరాల్సిన చోటికి చేరుతుందని చూశాను కదా.

లెఫ్తేరిస్ గారు ఇప్పుడూ కొండల దగ్గర నడుస్తారు. ఆర్నెల్లకోసారి సెట్టు చూపించుకోవడానికి వస్తారు. రాగానే మొదటి ప్రశ్న, "గురువుగారికి ఎన్ని పళ్లు వచ్చాయి?" అని. మొన్న వచ్చినప్పుడు, పాలపళ్లన్నీ వచ్చేశాయి, మాటలు కూడా గలగలా వస్తున్నాయి అని చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, తల ఊపాడు.

"అయితే తొందరగా వినండి డాక్టర్" అన్నాడు. "ఇంక కొన్నాళ్లలో ఆవిడ కూడా నటించడం మొదలుపెడుతుంది."